మెడ విరిపించుకుంటే పక్షవాతం వస్తుందా? మీ ప్రశ్నలు, డాక్టర్ జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో పక్షవాతం గురించి నాలుగు ముక్కలు రాస్తే ఉత్తరాలూ మెయిళ్ళూ బాగానే వచ్చాయి, అందులో సగం పైగా 50 లోపు వాళ్ళ గురించే. బీపీ లేదు షుగర్ లేదు, మరి ఎందుకొచ్చింది అని. దానికి చాలా కారణాలుంటాయిగానీ ఈసారి ఒక్కదాని గురించే మాట్లాడదాం: మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళం గోడ లోపల చిరిగి వచ్చే స్ట్రోక్. రాసినవాళ్ళ పేర్లు తీసేశాం, ఉత్తరాలు కొంచెం కుదించాం.

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మా ఆయనకి 38 ఏళ్ళు. బీపీ, షుగర్ లేవు, సిగరెట్ ముట్టరు. సంక్రాంతి ముందు కటింగ్‌కి వెళ్ళి ఎప్పట్లాగే హెడ్ మసాజ్ చేయించుకుని, మెడ రెండు వైపులా టక్కుమనిపించుకుని వచ్చారు. ఆ సాయంత్రం నుంచే ఎడమవైపు మెడ వెనక నొప్పి మొదలైంది, దిండు సరిగ్గా పెట్టుకోక పట్టేసిందేమో అని బామ్ రాసుకుంటూ ఆఫీసుకి కూడా వెళ్ళారు. మూడు నాలుగు రోజులయ్యాక పొద్దున్నే లేస్తూనే ఇల్లంతా తిరుగుతోందన్నారు, ఒకటే వాంతులు, ఎక్కిళ్ళు, గొంతు బొంగురుపోయింది. దగ్గర్లో క్లినిక్‌లో చూపిస్తే గ్యాస్ అన్నారు, చెవి ప్రాబ్లం కూడా అయ్యుండొచ్చని ఇంజెక్షన్ చేసి పంపారు. చేతులు కాళ్ళు బాగానే ఆడుతున్నాయి కాబట్టి మాకూ అనుమానం రాలేదు. మర్నాడు మంచినీళ్ళు తాగినా పొలమారుతుంటే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం, ఎంఆర్ఐ తీసి స్ట్రోక్ అన్నారు, వర్టిబ్రల్ ఆర్టరీ డిసెక్షన్ అని రాశారు. మా మరిది కటింగ్ షాపు అబ్బాయి మీద కేసు పెడదాం అంటున్నాడు. నిజంగా మెడ విరవడం వల్లే వచ్చిందా? ఏ అలవాటూ లేని మనిషికి ఇదేంటి? మళ్ళీ మామూలు మనిషి అవుతారా? (ఖమ్మం జిల్లా)

అమ్మా, చివరి ప్రశ్నకి ముందు చెప్తాను, మీరు దాని కోసమే ఎదురు చూస్తుంటారు. మీరు రాసిన లక్షణాలన్నీ కలిపి చూస్తే ఇది మెదడు కాండంలో పక్క భాగానికి వచ్చే స్ట్రోక్‌లా ఉంది, దీన్ని వాలెన్‌బర్గ్ సిండ్రోమ్ అంటారు, 1895లో ఆ పేరు గల జర్మన్ డాక్టర్ వివరంగా రాశారు కాబట్టి ఆ పేరు. ఇది వచ్చిన వాళ్ళలో చాలామంది, మొదటి వారాల్లో మింగడం దగ్గర గండం గట్టెక్కితే, నెలల మీద బాగా కోలుకుంటారు. చిన్న వయసు కూడా కలిసొస్తుంది. కొంత తూలడం, మొహం ఒకవైపు తిమ్మిరి, వేడి చల్ల సరిగా తెలియకపోవడం మాత్రం ఎక్కువ కాలం ఉండొచ్చు, కొందరికి మొత్తంగా పోకపోవచ్చు కూడా. స్నానం నీళ్ళు వేడి చూసేటప్పుడు కుడి చెయ్యి పెట్టి చూడొద్దని చెప్పండి, ఎడమ చేత్తో చూసుకోమనండి, ఎందుకంటే ఎడమవైపు ఈ స్ట్రోక్ వస్తే మొహంలో ఎడమవైపు, ఒంట్లో కుడివైపు నొప్పి, వేడి చల్ల తెలియవు. డాక్టర్లు సరే అనేదాకా నోటితో నీళ్ళు కూడా పట్టకండి, ముక్కులోంచి పైపు వేశారని బెంగ పడకండి, పొలమారి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి న్యుమోనియా వస్తే అదే అసలు ప్రమాదం.

ఇప్పుడు ఎలా వచ్చిందో. డిసెక్షన్ అంటే నాళం గోడ లోపల చిరగడం. మెదడుకి నాలుగు పెద్ద గొట్టాలు రక్తం తీసుకెళ్తాయి, మెడ ముందు వైపు రెండు కరోటిడ్‌లు, వెనకవైపు వెన్నుపూసల్లో ఉండే రంధ్రాల్లోంచి పైకెక్కే వర్టిబ్రల్‌లు రెండు. ప్రతి దాని గోడకీ మూడు పొరలుంటాయి. లోపలి పొర కాస్త చిరిగితే రక్తం పొరల మధ్యలోకి దూరుతుంది, గోడలోకి తడి చేరి పెయింట్ బుడగలా ఉబ్బి పైకి లేచినట్టు అక్కడ లేచి దారి ఇరుకు చేస్తుంది. ఒక్కోసారి మూసేస్తుంది కూడా. చిరిగిన చోట గరుకుగా ఉంటుంది కాబట్టి రక్తం గడ్డ కడుతుంది, ఆ గడ్డ ముక్క ఊడి మెదడులోకి కొట్టుకుపోయిందంటే స్ట్రోక్. ఇందులో మీరు గమనించాల్సింది ఒకటుంది. చిరగడం ఒకరోజు, స్ట్రోక్ ఇంకోరోజు. మధ్యలో కొన్ని గంటలు ఉండొచ్చు, రోజులు ఉండొచ్చు, రెండు మూడు వారాలు కూడా ఉండొచ్చు. ఆ మధ్యకాలంలో మనిషికి ఉండేది చాలాసార్లు నొప్పి ఒక్కటే, ఒక పక్క మెడ నొప్పి, ఒక పక్క తలనొప్పి. మీ ఆయనకి బామ్ రాసుకున్న రోజులు అవే.

వర్టిబ్రల్ నాళం మెడలో పైన మొదటి రెండు పూసల దగ్గర వంకర తిరిగి వెళ్తుంది, మనం తల పక్కకి తిప్పినప్పుడు ఆ తిరుగుడులో దాదాపు సగం ఆ రెండు పూసల మధ్యే జరుగుతుంది. ఎవరో గడ్డం పట్టుకుని ఒక్కసారిగా తిప్పితే సాగేది అక్కడే. 2024లో మన పక్కన బళ్ళారిలో 30 ఏళ్ళ మనిషికి సెలూన్‌లో మెడ తిప్పాక స్ట్రోక్ వచ్చిందని పేపర్లలో వచ్చింది, ఆయనకి చిరిగింది కరోటిడ్ నాళం.

మరి కటింగ్ షాపు అబ్బాయి వల్లే వచ్చిందా అంటే, నేను గట్టిగా అవునని చెప్పలేను, కాదని అసలే చెప్పను. సమయం చూస్తే అనుమానించాల్సిందే. కానీ దీంట్లో ఒక మెలిక ఉంది. నాళం ముందే చిరిగి మెడ నొప్పి పుడుతుంది, ఆ నొప్పికి మనిషి మసాజ్‌కి పోతాడు, తర్వాత స్ట్రోక్ వస్తుంది, అందరూ మసాజ్‌ని అంటారు. కెనడాలో ఒంటారియోలో ఇలాంటి వెనకవైపు స్ట్రోక్ వచ్చిన 818 మందిని పరిశీలించి 2008లో ఒక స్టడీ వచ్చింది, అందులో 45 లోపు వాళ్ళలో కైరోప్రాక్టర్ (మెడ, వెన్నుపూసలు చేత్తో విరిచి వైద్యం చేసేవాళ్ళు) దగ్గరికి వెళ్ళడానికీ స్ట్రోక్‌కీ సంబంధం కనిపించింది, విచిత్రంగా మామూలు ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి వెళ్ళడానికీ అలాంటి సంబంధమే కనిపించింది. అంటే కొంతమంది నొప్పి ముందే మొదలై వెళ్ళారన్నమాట. మీ ఆయనకి మాత్రం నొప్పి మెడ విరిచిన తర్వాతే మొదలైంది అంటున్నారు, అది వేరే సంగతి. కేసు సంగతి లాయరు చూసుకోవాలి. నా మటుకు నాకు, ఆ అబ్బాయి 20 ఏళ్ళుగా అందరికీ చేస్తున్నదే చేశాడు, అందరూ అడిగి మరీ చేయించుకుంటున్నారు, అతనికి ఇది తెలియదు, చెప్పినవాళ్ళూ లేరు. వెళ్ళి చెప్పండి, రేపటి నుంచి ఎవరి మెడా తిప్పొద్దని. కేసు కన్నా అది ఎక్కువమందికి పనికొస్తుంది.

ఏ అలవాటూ లేని మనిషికి ఎలా అన్నారు. ఈ జబ్బు లెక్క వేరు. మొత్తం స్ట్రోక్‌లలో ఇది నూటికి 2 మాత్రమే ఉంటుందిగానీ 50 లోపు వాళ్ళని తీసుకుంటే నూటికి 10 నుంచి 25 దాకా ఇదే కారణం. సగటు వయసు 45 దగ్గర. కొవ్వు పేరుకుని వచ్చేది కాదు కాబట్టి కొలెస్ట్రాల్ రిపోర్టు బాగుందని దీనికి ధైర్యం లేదు. మైగ్రేన్ ఉన్నవాళ్ళలో, ఈమధ్యే గట్టి జలుబో జ్వరమో వచ్చి తగ్గినవాళ్ళలో, బీపీ ఉన్నవాళ్ళలో కొంచెం ఎక్కువ. గట్టిగా తుమ్మినా, విపరీతంగా దగ్గినా, వాంతులు చేసుకున్నా, బరువులెత్తినా, యాక్సిడెంట్‌లో తల జెర్క్ అయినా రావొచ్చు, ఏమీ లేకుండానూ రావొచ్చు.

ఇంకోటి కూడా చెప్పాలి. కాలూ చెయ్యీ పడిపోతేనే పక్షవాతం అనే నమ్మకం మన దగ్గర ఎంత గట్టిగా ఉందంటే, మీరే కాదు ఆ క్లినిక్‌లో వాళ్ళు కూడా దాంట్లోనే ఉన్నట్టున్నారు. మెదడు వెనక భాగానికి స్ట్రోక్ వస్తే బలం చాలాసార్లు అలాగే ఉంటుంది. కళ్ళు తిరిగి నిలబడలేకపోవడం, ఒక్కటి రెండుగా కనపడటం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, ఆగని ఎక్కిళ్ళు, ఇవే ఉంటాయి. ఈ చోటులో మొదటి సీటీ స్కాన్ నార్మల్‌గా రావడం కూడా మామూలే, స్కాన్ బాగుందన్నారు కదా అని ఇంటికి తెచ్చేసుకుంటారు. కూర్చుంటే, నిలబడితే ఒక పక్కకి పడిపోతున్న మనిషిని గ్యాస్ అని ఒప్పుకోకండి. 108కి ఫోన్ చేసి న్యూరాలజిస్టు, స్కాన్ రెండూ ఉన్న చోటికే వెళ్ళండి. స్ట్రోక్ మొదలైన నాలుగున్నర గంటల లోపు వెళ్తే గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి అవకాశం ఉంటుంది, మెడలో నాళం చిరిగి వచ్చిన స్ట్రోక్ అయినా సరే ఇవ్వొచ్చు, పెద్ద నాళం మూసుకుపోతే కొందరికి 24 గంటల లోపు కూడా తీగ పంపి గడ్డ లాగేయొచ్చు.

పసరు పోయిస్తాం, పావురం రక్తంతో మర్దన చేయిస్తాం అని ఎవరో ఒకరు మీ ఇంటికి వచ్చే ఉంటారు ఈపాటికి. ఒంటికి రాసే పావురం రక్తం వల్ల ఒరిగేదేమీ లేదు, కానీ మర్దన పేరుతో మళ్ళీ మెడ మీద చెయ్యి పడితే మాత్రం నేను ఒప్పుకోను.

ప్రశ్న: సార్, మా మరదలికి కాన్పయి మూడు వారాలు. నాలుగు రోజుల నుంచి కుడివైపు మెడ, కణత, కన్ను వెనక నొప్పి అంటోంది. నిన్నటి నుంచి కుడి కనురెప్ప కొంచెం కిందికి వాలి ఉంది. మా అమ్మ బాలింత వాతం అంటోంది, దిష్టి కూడా తీసింది. చూపించాలా, తగ్గిపోతుందా? (విజయనగరం జిల్లా)

ఈ మెయిల్ చూసిన వెంటనే వీళ్ళకి ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్ళమని చెప్పాం, పత్రిక వచ్చేదాకా ఆగే విషయం కాదు. మిగతావాళ్ళ కోసం వేస్తున్నాం.

కనురెప్పని, కంటిపాపని నడిపే సన్నటి నరాలు కొన్ని కరోటిడ్ నాళం గోడని అల్లుకుని పైకి వెళ్తాయి. గోడ ఉబ్బితే అవి నలుగుతాయి, అందుకే అదే వైపు రెప్ప కొద్దిగా వాలుతుంది, కంటిపాప చిన్నదవుతుంది. వెలుతురులో తేడా తెలియదు, గదిలో లైటు తగ్గించి రెండు కళ్ళూ పోల్చి చూస్తే తెలుస్తుంది. ఒక పక్క మెడ నొప్పితో పాటు ఇది కనపడితే, వేరేదని తేలేదాకా కరోటిడ్ చిరిగిందనే అనుకోవాలి. చెవిలో గుండె కొట్టుకుంటున్నట్టు చప్పుడు వినపడుతోంది అని కూడా కొందరంటారు, అదీ ఇందులో భాగమే. రెప్ప బాగా మూసుకుపోయి కంటిపాప పెద్దదైతే మెదడులో నాళం బుడగలా ఉబ్బి నరాన్ని నొక్కుతోందేమో చూడాలి, అది ఇంకా తొందర పని.

కాన్పయిన మొదటి వారాల్లో ఈ చిరుగులూ వస్తాయి, మెదడు సిరల్లో గడ్డ కట్టే జబ్బు అంతకన్నా ఎక్కువ వస్తుంది, రెండిటికీ మొదటి లక్షణం తలనొప్పే. బాలింతకి నీళ్ళు తాగనివ్వకపోవడం అనే అలవాటు ఇంకా కొన్ని ఇళ్ళల్లో ఉంది, ఒళ్ళు ఎండిపోతే గడ్డ కట్టడానికి అదొక తోడు. దయచేసి ఆ పిల్లకి కడుపునిండా నీళ్ళివ్వండి. దిష్టి తీసుకోండి కావాలంటే, తీసి ఆటో ఎక్కించండి.

ప్రశ్న: హాయ్ డాక్టర్. నాకు 27, హైదరాబాద్‌లో ఐటీ జాబ్. రోజంతా లాప్‌టాప్ ముందు కూర్చుని మెడ బిగుసుకుపోతుంది, రోజుకి పదిసార్లు నా మెడ నేనే విరుచుకుంటా, చాలా రిలీఫ్‌గా ఉంటుంది. ఇన్‌స్టాలో కైరోప్రాక్టిక్ రీల్స్ చూసి ఒక సెషన్ బుక్ చేద్దామనుకుంటున్నా. అమ్మ వద్దంటోంది. ఎవరు కరెక్ట్?

అమ్మ కరెక్ట్.

కొంచెం వివరంగా చెప్పాలంటే, లెక్క ప్రకారం ఇది అరుదైన జబ్బే, మెడ నాళాలు చిరగడం ఏడాదికి లక్ష మందిలో 3 దగ్గర ఉంటుంది, మెడ విరిచిన ప్రతి ఒక్కరికీ ఏదో అయిపోదు. కానీ ఆ టక్కు శబ్దం కీలు మధ్య ద్రవంలో బుడగ వల్ల వచ్చేది, దాంతో ఏ నరమూ సర్దుకోదు, ఏ పూసా తన చోటుకి రాదు. కాసేపు హాయిగా ఉంటుంది, గంటకి మళ్ళీ మామూలే, నువ్వే రాశావుగా రోజుకి పదిసార్లని. లాభం గంటసేపు, నష్టం జరిగితే జీవితకాలం, ఈ బేరం నాకు నచ్చలేదు. 2016లో అమెరికాలో కేటీ మే అనే మోడల్, వయసు 34, మెడ నొప్పికని కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్ళాక స్ట్రోక్ వచ్చి చనిపోయింది, మెడ తిప్పినప్పుడు వర్టిబ్రల్ నాళం చిరిగి వచ్చిందని లాస్ ఏంజెలెస్ కరోనర్ తేల్చారు. రీల్స్‌లో మైకు పెట్టి మరీ ఆ శబ్దం వినిపిస్తారు, తర్వాత వారం ఏమైందో ఎవరూ చూపించరు.

నీకు కావాల్సింది స్క్రీన్ కంటి ఎత్తుకి పెట్టుకోవడం, అరగంటకోసారి లేవడం, ఫిజియోథెరపిస్ట్ దగ్గర మెడకి, భుజాలకి బలం వచ్చే ఎక్సర్‌సైజులు నేర్చుకోవడం. నెమ్మదిగా చేసే స్ట్రెచింగ్‌కి నాకు అభ్యంతరం లేదు, ఒక్కసారిగా తిప్పడానికే అభ్యంతరం. మెడ నొప్పి అనగానే భయపడిపోకు కూడా, ఈ దేశంలో లాప్‌టాప్ ఉన్న ప్రతివాళ్ళకీ మెడ నొప్పి ఉంది. ఇంతకు ముందు ఎప్పుడూ లేని రకం నొప్పి, ఒకే పక్క, ఉన్నట్టుండి మొదలై, తలలోకి పాకితే అప్పుడు చూపించు. కళ్ళు తిరగడం, చూపు తేడా, రెప్ప వాలడం, మాట తడబడటం ఒక్కటి తోడైనా ఎమర్జెన్సీకే.

ప్రశ్న: మేడమ్ ఒకరు బ్యూటీపార్లర్‌లో హెయిర్ వాష్ చేయించుకుంటుంటే స్ట్రోక్ వచ్చిందని వాట్సాప్‌లో తిరుగుతోంది, నిజమేనా?

నిజమే. 2022లో హైదరాబాద్‌లో 50 ఏళ్ళావిడకి అలా జరిగిందని చూసిన న్యూరాలజిస్టే బయటికి చెప్పారు. బేసిన్ అంచు మీద మెడ వెనక్కి వాల్చినప్పుడు వర్టిబ్రల్ నాళం నొక్కుకుపోయి రక్తం తగ్గిందని ఆయన వివరణ. అమెరికా మెడికల్ జర్నల్‌లో 1993లోనే ఇలాంటివి రాశారు, బ్యూటీపార్లర్ స్ట్రోక్ అనే పేరు అప్పటిది. చాలా అరుదు. మెడ కింద మందంగా టవల్ మడిచి పెట్టమనండి, వెనక్కి వేలాడేసి పావుగంట ఉండొద్దు, కళ్ళు తిరిగితే వెంటనే లేవండి. పార్లర్ మానేయక్కర్లేదు.

ప్రశ్న: అయ్యా, మా తమ్ముడికి 44 ఏళ్ళు, రెండు నెలల కిందట కరోటిడ్ డిసెక్షన్ అయి చిన్న స్ట్రోక్ వచ్చింది, ఇప్పుడు నడుస్తున్నాడు. మొదట చూసిన డాక్టర్ గారు ఆస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ రాశారు. సెకండ్ ఒపీనియన్‌కి వెళ్తే ఎసిట్రోమ్ వాడాల్సింది కదా అన్నారు. ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తే మేము ఎవర్ని నమ్మాలి? స్టెంట్ వేస్తే పోయేదానికి మందులతో ఎందుకు లాగుతున్నారు? ఎన్నాళ్ళు వాడాలి? (రాజమండ్రి)

పెద్దాయన గారూ, ఇద్దర్నీ నమ్మొచ్చు, ఈ విషయంలో డాక్టర్లు తలో మాట చెప్పడం మీ ఊళ్ళోనే కాదు ప్రపంచమంతా ఉంది. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో 250 మంది మీద చేసిన క్యాడిస్ అనే ట్రయల్ 2015లో వచ్చింది, సగం మందికి ఆస్ప్రిన్ లాంటివి, సగం మందికి రక్తం పలచన చేసే వార్ఫరిన్ లాంటివి (ఎసిట్రోమ్ కూడా ఈ రకం మందే) ఇస్తే మూడు నెలల్లో స్ట్రోక్ వచ్చింది మొదటి గుంపులో ముగ్గురికి, రెండో గుంపులో ఒక్కరికి. అంత చిన్న తేడాతో ఏదీ తేలదు. తర్వాత 2021లో స్విట్జర్లాండ్, జర్మనీ, డెన్మార్క్ డాక్టర్లు 194 మందితో ఇంకోటి చేశారు, అందులో ఆస్ప్రిన్ ఒక్కటే వాడిన వాళ్ళలో 7 గురికి కొత్తగా స్ట్రోక్ వచ్చింది, వార్ఫరిన్, ఎసిట్రోమ్ రకం మందు వాడిన వాళ్ళలో ఎవరికీ రాలేదు. దాన్ని పట్టుకుని కొందరు ఎసిట్రోమ్ వైపు మొగ్గుతారు, రక్తస్రావం భయం, టెస్టుల గొడవ చూసి కొందరు ఆస్ప్రిన్ వైపు ఉంటారు. నాళం బాగా ఇరుకైపోయినా, లోపల గడ్డ తేలుతూ కనపడినా నేను కూడా ఎసిట్రోమ్ ఆలోచిస్తా. చిరుగు పుర్రె లోపలి నాళంలో ఉంటే మాత్రం చాలా జాగ్రత్త, అక్కడ గోడ పలచన, బయటికి చిట్లి రక్తస్రావం అయ్యే వీలుంది, మెడలో చిరుగుకి ఇచ్చినట్టు ఇవ్వలేం. మీ తమ్ముడికి రెండు నెలలు ఏమీ కాకుండా గడిచాయి కాబట్టి నడుస్తున్న మందు నడవనివ్వండి. ప్రమాదం ఎక్కువ ఉండేది మొదటి వారాల్లోనే, అది దాటేశారు.

స్టెంట్ ఎందుకు వెయ్యలేదంటే అవసరం లేక. ఈ గోడలో అందం ఏంటంటే చాలామందికి దానంతటదే మానుతుంది, మూడు నుంచి ఆరు నెలల్లో దారి మళ్ళీ తెరుచుకుంటుంది, మందు పని మానేలోపు గడ్డ కట్టకుండా చూడటమే. అప్పటికే చిరిగి ఉన్న గోడలోకి తీగ దూర్చడం అంటే ఇంకాస్త చింపే ప్రమాదం నెత్తిన పెట్టుకోవడమే. మందులు సక్రమంగా వాడుతున్నా మళ్ళీ మళ్ళీ స్ట్రోక్ వస్తుంటేనో, మెదడుకి రక్తం చాలకపోతేనో అప్పుడు ఆలోచిస్తారు. ఆస్పత్రి నిండా సామాన్లున్నా వెయ్యలేదంటే అది మంచి డాక్టర్ లక్షణం.

మూడు నుంచి ఆరు నెలల మధ్య రక్తనాళాల్ని చూపించే స్కాన్, సీటీ యాంజియోనో ఎంఆర్ యాంజియోనో, మళ్ళీ తీసి చూస్తారు, దాన్ని బట్టి మందు ఆపడమో తగ్గించడమో. చాలామంది ఒక ఆస్ప్రిన్ మీద ఉంచేస్తారు. ఎవరికైనా ఎసిట్రోమ్ ఇచ్చి ఉంటే రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ టెస్ట్ 2 నుంచి 3 మధ్య ఉండేలా చూసుకోవాలి, ఆకుకూరలు మానేయమని కొందరు చెప్తారు, మానక్కర్లేదు, వారమంతా ఒకే మోతాదులో తినండి చాలు, ఒకరోజు గిన్నెడు పాలకూర పప్పు తిని మిగతా వారం ముట్టకపోవడమే ఇబ్బంది. నొప్పి మాత్రలు మెడికల్ షాపులో అడిగి కొనుక్కోవద్దు, నాటు మందు అసలొద్దు, ఈ రెండిటితో కలిసి రక్తం మరీ పలచబడి కడుపులో బ్లీడింగ్ అయి వచ్చేవాళ్ళని చూస్తూనే ఉంటాం. బరువులెత్తడం, కబడ్డీ, గతుకుల రోడ్డు మీద బండి, శీర్షాసనం, ఇవన్నీ స్కాన్ బాగుందని తేలేదాకా పక్కన పెట్టండి. నడక మంచిది.

ప్రశ్న: సార్, మా అబ్బాయి 15 ఏళ్ళు, గుంటూరులో క్రికెట్ అకాడమీకి వెళ్తాడు. ఆస్ట్రేలియా క్రికెటర్ ఫిల్ హ్యూస్ చనిపోయింది కూడా ఇలా నాళం చిరిగేనా? హెల్మెట్ పెట్టుకున్నా ఎలా జరిగింది? పంపాలంటే భయంగా ఉంది.

అవును, ఇదే, కానీ దారి వేరు. 2014 నవంబర్ 25న సిడ్నీ గ్రౌండ్‌లో 63 మీద ఆడుతూ బౌన్సర్‌ని హుక్ చేయబోతే బంతి హెల్మెట్ కింద, ఎడమ చెవి వెనక మెడ మీద తగిలింది. దెబ్బకి వర్టిబ్రల్ నాళం చిరిగింది, అయితే పైన చెప్పినవాళ్ళలో లాగా లోపల గడ్డ కట్టి స్ట్రోక్ రాలేదు, రక్తం పైకి తన్ని మెదడు చుట్టూ నిండిపోయింది. రెండు రోజులకి చనిపోయాడు, ఇంకో మూడు రోజులుంటే 26 నిండేవి. అప్పటికి వైద్య సాహిత్యంలో అలాంటివి వంద దాకా ఉన్నాయని, క్రికెట్ బంతితో ఒక్కటే ఉందని టీమ్ డాక్టర్ అప్పుడే చెప్పారు, అంత అరుదు.

హెల్మెట్ ఉంది, అది కాపాడే చోట దెబ్బ తగల్లేదు. తర్వాతే హెల్మెట్ వెనక మెడకి అడ్డుగా వేలాడే గార్డులు వచ్చాయి, 2023 అక్టోబర్ నుంచి ఆస్ట్రేలియాలో ఫాస్ట్ బౌలింగ్ ఆడేవాళ్ళకి వాటిని తప్పనిసరి చేశారు. అకాడమీ వాళ్ళు అడిగినా అడక్కపోయినా మీ అబ్బాయి హెల్మెట్‌కి ఆ గార్డు కొనండి, లెదర్ బంతితో నెట్స్‌లో కూడా పెట్టుకోమనండి, ఉక్కపోతకి తీసి పక్కన పడేస్తారు పిల్లలు. దెబ్బ తగిలిన రోజు బాగానే ఉన్నాడు కదా అని వదిలెయ్యకండి, తర్వాత వారం పది రోజుల్లో మెడ నొప్పి పెరిగినా కళ్ళు తిరుగుతున్నాయన్నా బంతి దెబ్బ తగిలిన సంగతి డాక్టర్‌కి చెప్పండి. ఆ ఒక్క ముక్క చెప్తే స్కాన్ దారే మారిపోతుంది. ఆట మాన్పించొద్దు.

ప్రశ్న: మా అక్కకి 41 ఏళ్ళకి మెడ రక్తనాళం చిరిగి స్ట్రోక్ వచ్చింది. ఇది వంశపారంపర్యమా? నాకూ వస్తుందేమో అని భయం. మా ఊళ్ళో ల్యాబ్ వాళ్ళు ఆఫర్‌లో మెడకి డాప్లర్ చేస్తామంటున్నారు, చేయించుకోనా? (అనంతపురం)

ఎక్కువ మందికి వంశంలో రాదు తల్లీ. కొన్ని కుటుంబాల్లో మాత్రం నాళం గోడే పుట్టుకతో బలహీనంగా ఉంటుంది, ఎహ్లర్స్ డాన్‌లాస్ అనే జబ్బులో ఒక రకం ఉంది, చర్మం పలచగా నరాలు కనపడేలా ఉండి, ఊరికే కమిలిపోతుంటుంది, చిన్న వయసులో పేగు చిల్లు పడటం, గుండె నుంచి వచ్చే పెద్ద నాళం చీలడం లాంటివి ఇంట్లో జరిగుంటాయి. మార్ఫాన్ అని ఇంకోటి, బాగా పొడుగ్గా, వేళ్ళు సన్నగా పొడుగ్గా ఉంటారు. ఇంట్లో అలాంటి కథ ఏదైనా ఉంటే, ఇద్దరు ముగ్గురికి ఇలా జరిగి ఉంటే, అక్కని చూసిన న్యూరాలజిస్టుకి ఆ సంగతి చెప్పండి, జెనెటిక్ టెస్ట్ అవసరమా కాదా వాళ్ళు చూస్తారు. ఫైబ్రోమస్కులర్ డిస్‌ప్లేసియా అని ఆడవాళ్ళలో ఎక్కువ కనపడేది ఒకటుంది, అది కిడ్నీ నాళాల్లోనూ ఉండి బీపీ పెంచుతుంది, అక్కకి అది ఉందో లేదో అడగండి.

డాప్లర్ (నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే అల్ట్రాసౌండ్) ఆఫర్ మాత్రం వద్దు. మీకు ఏ లక్షణమూ లేదు, ఇవాళ నాళం బాగుందంటే రేపు చిరగదని కాదు. పైగా కరోటిడ్ ఎక్కువగా చిరిగేది అది రెండు కొమ్మలుగా విడిపోయే చోటుకి రెండు మూడు సెంటీమీటర్ల పైన, పుర్రె అడుగుకి దగ్గర్లో, దవడ ఎముక అడ్డం వచ్చి డాప్లర్‌కి సరిగా అందదు, నిజంగా అనుమానం ఉన్నవాళ్ళకే మేము సీటీ యాంజియో, ఎంఆర్ఐ తీయిస్తాం. ఆ డబ్బుతో ఒక బీపీ మిషన్ కొనుక్కోండి, చేతికి కట్టేది, మణికట్టుది కాదు. అక్కకీ పనికొస్తుంది.